రిటర్న్ టికెట్టు ఉందా బాబూ?

విమానం ఎక్కబోయేవాడిని చెకిన్ కౌంటరు దగ్గర అడిగే ప్రశ్నల్లో నాకు అస్సలు మింగుడుపడనిది ఒకటుంది. "రిటర్న్ టికెట్టు ఉందా? పోనీ, అక్కణ్ణించి ఇంకో దేశానికి పోయే టికెట్టయినా ఉందా?" అని. హెచ్‌వన్‌బి మీద డాలస్ వెళ్ళేవాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. విజిట్ వీసా మీద షార్జా వెళ్ళే కుర్రాడిని మాత్రం ముందు అడిగేది ఇదే. వీసా అక్కర్లేదన్నారు కదా అని బ్యాంకాక్‌కి ఒకవైపు టికెట్టు కొనుక్కున్నవాణ్ణీ ఇదే అడుగుతారు. జవాబు లేకపోతే బోర్డింగ్ పాస్ చేతికి రాదు.

నియమం వెనక ఉన్న తర్కం తేలికే. నువ్వు మా దేశంలో పాతుకుపోవని నమ్మకం ఏమిటి? తిరిగి వెళ్ళే టికెట్టు. సరే, బానే ఉంది. కానీ ఈ తర్కం పనిచెయ్యట్లేదనీ, పైగా ఎవర్ని కాపాడాలో వాళ్ళనే ముంచుతోందనీ నా అభిప్రాయం. నేను పుట్టి పెరిగింది పాతబస్తీలో, లాల్ దర్వాజా వైపు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు హైటెక్ సిటీ జనాలది అనుకుంటారు గానీ, గల్ఫ్ విమానాల క్యూలో నిలబడి చూడండి, మా వైపువాళ్ళు ఎంతమంది ఉంటారో.

ముందు ఈ ప్రశ్న ఎయిర్‌లైన్సు వాడు ఎందుకు అడుగుతాడో చెప్పుకోవాలి. వాడు పోలీసు కాదు, ఇమిగ్రేషన్ అధికారీ కాదు. కానీ కాగితాలు సరిగ్గా లేనివాణ్ణి మోసుకెళితే జరిమానా వాడికి పడుతుంది. బ్రిటన్ 1999 నాటి చట్టంతో ఒక్కో ప్రయాణికుడికి 2,000 పౌండ్లు పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2001లో ఇచ్చిన ఆదేశంలో కూడా లెక్క వేల యూరోల్లోనే ఉంది. పైగా దించేసినవాణ్ణి మళ్ళీ వెనక్కి తీసుకురావాల్సిందీ వాడే. అందుకని కౌంటరులో కూర్చున్న అమ్మాయి టిమాటిక్ అనే డేటాబేసులో మన పాస్‌పోర్టు దేశం, వెళ్ళే దేశం, మధ్యలో ఆగే దేశం కొట్టి చూస్తుంది. అక్కడ "ఆన్వర్డ్ టికెట్టు ఉండాలి" అని వచ్చిందా, ఇక ఆ అమ్మాయితో ఎంత వాదించినా దండగ.

మన భాషలో చెప్పాలంటే ఇది క్లయింట్ సైడ్ వాలిడేషన్. అసలు నిర్ణయం సర్వరుది, అంటే దిగిన చోట ఉండే ఇమిగ్రేషన్ అధికారిది. క్లయింట్ సైడ్ వాలిడేషన్‌కి జనం ఏం చేస్తారో మనకి తెలియనిదా? ఫోన్ నంబరు తప్పనిసరి అని ఎర్ర చుక్క పెడితే 9999999999 అని కొట్టి ముందుకెళ్ళిపోతారు. ఆన్వర్డ్ టికెట్టుకి ఆ తొమ్మిదుల పేరు "డమ్మీ టికెట్టు".

షా అలీ బండా నుంచి చాంద్రాయణగుట్ట దాకా నడిస్తే జెరాక్సు షాపుల మధ్యలో ట్రావెల్స్ బోర్డులు కనిపిస్తాయి. ఉమ్రా ప్యాకేజీ, దుబాయ్ విజిట్, పాస్‌పోర్టు ఫారాలు, పాన్ కార్డు, అన్నీ ఒకే బల్ల మీద. డమ్మీ టికెట్టు బోర్డు మీద ఉండదు, అడిగితే ఉంటుంది. దాని తయారీలో దొంగ ప్రింటింగేమీ లేదు. ఏజెంటు తన రిజర్వేషన్ సిస్టంలో ఒక సీటు బ్లాక్ చేస్తాడు. ఆరు అక్షరాల పీఎన్నార్ వస్తుంది. డబ్బు కట్టి టికెట్టు తియ్యడానికి కొంత గడువు ఉంటుంది కదా, ఆ గడువులోపల ఎయిర్‌లైన్స్ సైట్లో చూసినా పేరు కనిపిస్తుంది. గడువు దాటగానే సీటు దానంతట అదే రద్దు. ఏజెంటుకి ఖర్చు దాదాపు సున్నా, తీసుకునేది మాత్రం వెయ్యో రెండు వేలో.

మా గల్లీలో కంప్యూటర్ చదివినవాణ్ణి కాబట్టి కాగితాలు చూసే పని నాది. (ప్రింటరు పాడైనా నన్నే పిలుస్తారు, అది వేరే కథ.) పక్క గల్లీ చాచా ఒకాయన రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. "బేటా, గీ టికెట్ అసలుదేనా జర చూడు" అని. కొడుకు షార్జాకి విజిట్ వీసా మీద పోతున్నాడు. పోయే టికెట్టు మీద పదమూడు అంకెల నంబరు ఉంది. వచ్చే టికెట్టు మీద పీఎన్నార్ ఒక్కటే ఉంది. సైట్లో కొడితే పేరు వచ్చింది. "చాచా, రెండ్రోజులు ఆగి మళ్ళీ రండి" అన్నాను. రెండ్రోజుల తర్వాత అదే పీఎన్నార్ కొడితే ఏమీ లేదు. ఏజెంటుని అడిగితే, "వచ్చే టికెట్‌తో నీకేం పని, వాడు వస్తడా ఏంది?" అన్నాడట. నిజమే, వాడు రావడానికి పోవట్లేదు. పనికి పోతున్నాడు. చాచాకి తెలుసు, ఏజెంటుకి తెలుసు, నాకు తెలుసు, వీసాకి స్పాన్సర్‌గా నిలబడ్డవాడికీ తెలిసే ఉంటుంది. తెలియనట్టు ఉండాల్సింది ఆ కాగితం ఒక్కటే.

అసలు సంగతి ఇక్కడ ఉంది. ఆ కుర్రాడు పదో తరగతి తప్పాడు. మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అలాంటివాళ్ళకి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తూ వచ్చారు. పద్దెనిమిది దేశాల జాబితా ఒకటి ఉంది, గల్ఫ్ దేశాలన్నీ అందులోవే. ఈసీఆర్ పాస్‌పోర్టుతో అక్కడికి పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి క్లియరెన్స్ కావాలి. అది తలనొప్పే, కాదనను. కానీ ఆ తలనొప్పితోపాటు కొన్ని వస్తాయి. పని ఇచ్చేవాడి పేరు, ఒప్పందం, జీతం ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని 2003లో మొదలైన పాలసీ ఒకటి ఉంది. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375 కడితే ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా కాలో చెయ్యో పోగొట్టుకున్నా 10 లక్షలు. మనం ఆఫీసు క్యాంటీన్లో ఒక వారంలో తినేసే డబ్బు అది.

విజిట్ వీసా మీద పోయేవాడికి ఇవేవీ అక్కర్లేదు, ఎందుకంటే వాడు టూరిస్టు. వాడు టూరిస్టు అనడానికి సాక్ష్యం ఏమిటి? రిటర్న్ టికెట్టు! అంటే వాడు అక్కడ ఉండిపోకుండా ఆపడానికి పెట్టిన కాగితమే, వాడికి ఇక్కడ రావాల్సిన రక్షణని తీసేసే కాగితం అయింది. ఇంతకంటే తిరకాసు డిజైన్ నేను ఏ లెగసీ సిస్టంలోనూ చూళ్ళేదు.

చాచా కొడుకు చివరికి వెళ్ళాడు. చాచా అప్పు చేసి అసలు రిటర్న్ టికెట్టే కొన్నాడు. తర్వాత దాన్ని రద్దు చేస్తే వచ్చింది సగం కూడా కాదు. అబ్బాయి అక్కడ కార్లు కడిగే పనిలో ఉన్నాడు, రెండు నెలలకి వీసా మారింది. బానే ఉన్నాడు. బీమా మాత్రం లేదు.

అందరికీ అలా వీసా మారదు. యూఏఈలో గడువు దాటి ఉంటే జరిమానా రోజుకి 50 దిర్హాములు అని 2022లో ఖరారు చేశారు. నెలకి 1,500 అన్నమాట. హెల్పరుగా చేరినవాడి జీతం చాలాసార్లు అంత ఉండదు. ఆడవాళ్ళ విషయం ఇంకా ఘోరం. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళ ఆ దేశాలకి పనికి వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలన్న నియమం ఉంది. దాన్ని దాటించడానికి కూడా ఇదే మందు: విజిట్ వీసా, రిటర్న్ టికెట్టు. ముందు షార్జాకో దుబాయ్‌కో, అక్కణ్ణించి మస్కట్‌కో రియాద్‌కో. ఇలా వెళ్ళి ఇళ్ళల్లో ఇరుక్కుపోయిన పాతబస్తీ ఆడవాళ్ళ కోసం ఎంబీటీ నాయకుడు అంజదుల్లా ఖాన్ విదేశాంగ శాఖకి రాసే ఉత్తరాలు ఏళ్ళ తరబడి పేపర్లలో వస్తూనే ఉన్నాయి. సుష్మా స్వరాజ్ మంత్రిగా ఉన్నప్పుడు ట్విట్టర్లో జవాబిచ్చినవాటిలో హైదరాబాదువి తక్కువేం కాదు. ఆ ఆడవాళ్ళు దేశం దాటిన రోజున వాళ్ళ కాగితాలన్నీ కరెక్టుగానే ఉండి ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి.

"మరి నియమాలు ఇంకా గట్టిగా చేస్తే?" అంటారా. చేశారు కదా. 2024 నవంబరులో దుబాయ్ వీసా దరఖాస్తుకే హోటల్ బుకింగూ రిటర్న్ టికెట్టూ జతచెయ్యాలన్నారు. దాంతో నిజంగా చుట్టపుచూపుగా పోయే కుటుంబాలకి, అక్కాబావల ఇంట్లో దిగేవాళ్ళకి కూడా వీసాలు తిరస్కరణ అయ్యాయి. అవసరం పెరిగినకొద్దీ డమ్మీ టికెట్టు పక్కన డమ్మీ హోటల్ కూడా బల్ల మీదికి వస్తుంది. అంతకుమించి జరిగేదేమీ లేదు.

ఇప్పుడు మన సంగతికొస్తాను. ఐటీవాళ్ళకి ఇది పేదవాళ్ళ గొడవలా అనిపించొచ్చు. కానీ మనమూ ఇదే చెట్టు కింద తడిసినవాళ్ళమే. అమెరికాలో వీసా లేకుండా విమానం మారే సౌకర్యం 2003 ఆగస్టులో ఆపేశారు. అప్పట్నించి మెక్సికో పోయేవాడు అమెరికాలో రెండు గంటలు ఆగినా వీసా కావాల్సిందే. యూరప్‌లో చూస్తే, అందరూ కలిసి పెట్టుకున్న ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ వీసా జాబితాలో ఇండియా లేదు. కానీ జర్మనీ, ఫ్రాన్స్ లాంటివి విడిగా మనల్ని చేర్చుకున్నాయి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉండేది. అందుకే స్టాంపు గడువు తీరి, ఐ-797 కాగితం ఒక్కటే చేతిలో ఉన్నవాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్ పేరు వింటేనే జడుసుకుని గల్ఫ్ మీదుగా టికెట్టు కొనుక్కునేవాళ్ళు. లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ విమానం మొదలుపెట్టినప్పుడు సంబరపడ్డ మిత్రుల్లో సగంమంది తర్వాతి ప్రశ్న అదే: "ట్రాన్సిట్ వీసా సంగతేంటి?" భారతీయులకి ట్రాన్సిట్ వీసా ఎత్తేస్తున్నామని జర్మనీ 2026 జనవరిలో, ఛాన్సలర్ మెర్జ్ మన దేశానికి వచ్చినప్పుడు ప్రకటించింది. మంచిదే. కానీ టికెట్టు కొనేముందు ఎయిర్‌లైన్స్ దగ్గర మళ్ళీ ఒకసారి చూసుకోండి, ప్రకటన వేరు, కౌంటరులో తెర మీద కనిపించేది వేరు.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొన్నప్పుడు. వెబ్‌సైటు చౌకగా చూపించింది కదా అని హైదరాబాద్ నుంచి ఒక ఊరికి ఒక టికెట్టూ, అక్కణ్ణించి ఇంకోటీ తీసుకుంటారు. ఒకే టికెట్టయితే సామాను నేరుగా వెళ్ళిపోతుంది, మనం లోపల్లోపలే విమానం మారతాం. రెండయితే చాలాచోట్ల బయటికొచ్చి, సామాను తీసుకుని, మళ్ళీ చెకిన్ చెయ్యాలి. బయటికి రావడమంటే ఆ దేశంలో అడుగుపెట్టడమే, అంటే వీసా. అమ్మానాన్నలకి టికెట్టు బుక్ చేసేటప్పుడు ఐదువేలు మిగులుతుందని ఈ పని చెయ్యకండి బాబూ.

అన్ని ఆన్వర్డ్ టికెట్టు నియమాలూ చెడ్డవని నేననను. 2023 జనవరిలో సౌదీ ఒక ట్రాన్సిట్ వీసా మొదలుపెట్టింది. వాళ్ళ విమానాల్లో వేరే దేశానికి పోతూ మధ్యలో ఆగితే 96 గంటలు, ఉచితం, ఉమ్రా చేసుకోవచ్చు, మదీనా పోవచ్చు. మా వైపు కుటుంబాలకి దీని విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ దారిలో ఉమ్రా! ఇక్కడ ముందుకు పోయే టికెట్టు నిజమైన టికెట్టు, నిజంగా ప్రయాణం చేసే టికెట్టు. దాన్ని చూసి తలుపు తీశారు. నటించమని అడగలేదు.

ఇరాన్ కథ దీనికి తలకిందులు. 2024 ఫిబ్రవరి 4 నుంచి భారతీయులు విమానంలో వస్తే పదిహేను రోజులు వీసా లేకుండా ఉండొచ్చన్నారు. హైదరాబాదుకి ఇరాన్ పరాయి దేశమేం కాదు. బంజారాహిల్స్‌లో వాళ్ళ కాన్సులేట్ ఉంది, దారుల్‌షిఫా, పురానీ హవేలీ వైపు నుంచి షియా కుటుంబాలు మష్హద్ జియారత్‌కి తరతరాలుగా పోతున్నాయి. (చాయ్ గురించి మళ్ళీ చెప్పాలా?) ఏజెంట్లు మాత్రం ఈ తలుపు చూసి ఇంకోటి లెక్కేశారు. వీసా లేకుండా టెహ్రాన్ దాకా పోతావు, అక్కణ్ణించి ఆస్ట్రేలియానో యూరపో మేం పంపిస్తాం, ఆన్వర్డ్ టికెట్టు మా పూచీ అన్నారు. 2025 మేలో అలా బయల్దేరిన ముగ్గురు పంజాబీ కుర్రాళ్ళని టెహ్రాన్‌లో దిగగానే ఎత్తుకుపోయి ఇంటికి ఫోన్ చేసి డబ్బులడిగారు. జూన్‌లో విడిపించారు. ఇలాంటివి ఎక్కువయ్యేసరికి 2025 నవంబరు 22 నుంచి ఇరాన్ ఆ సౌకర్యాన్ని ఆపేసింది. దిగడానికే కాదు, దాని మీదుగా పోవడానికి కూడా వీసా కావాలంది. ఎవడో చేసిన మోసానికి జియారత్‌కి పోయే ముసలావిడ మళ్ళీ వీసా క్యూలోకి వచ్చింది.

థాయ్‌లాండ్ కూడా ఇంతే. 2023 నవంబరు నుంచి మనకి వీసా తీసేసింది. బీచికి పోయినవాళ్ళు పోయారు. "కంప్యూటర్ జాబ్, డేటా ఎంట్రీ, టైపింగ్ వస్తే చాలు" అన్న మాట నమ్మినవాళ్ళు బ్యాంకాక్‌లో దిగి, కారులో సరిహద్దు దాటి, మయన్మార్‌లో సైబర్ మోసాల కొట్టాల్లో తేలారు. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాలు మే సోట్ నుంచి 549 మందిని వెనక్కి తెచ్చాయి. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. డిగ్రీ, బీటెక్ చదివి ఉద్యోగం దొరకనివాళ్ళకి వేసే ఎర ఇది. వాళ్ళూ బ్యాంకాక్ విమానం ఎక్కేటప్పుడు రిటర్న్ టికెట్టు ప్రశ్న దాటే వెళ్ళారు కదా.

ఏ దేశంలోకి ఎవర్ని రానివ్వాలో ఆ దేశం ఇష్టం, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ చెక్ పెట్టిన చోటుతో. వన్‌వే టికెట్టు అమ్మేటప్పుడు వెబ్‌సైటుకి నా పాస్‌పోర్టు దేశం తెలుసు, వెళ్ళే ఊరు తెలుసు, టిమాటిక్ ఎలాగూ ఉంది. డబ్బులు తీసుకునేముందే "నీకు ఆన్వర్డ్ టికెట్టు కావాలి" అని ఒక లైను చూపించడం ఎంత పని? ఒక స్ప్రింటులో ఇద్దరు డెవలపర్లు చేసి పడేస్తారు. చెయ్యరు, ఎందుకంటే అప్పుడు అమ్మకం తగ్గుతుంది. విమానానికి మూడు గంటల ముందు కౌంటరు దగ్గర చెబితే గాభరాగా ఎంత రేటుకైనా ఇంకో టికెట్టు కొంటాం.

రెండోది, ఏజెంట్ల సంగతి. ప్రతి పీఎన్నార్‌లోనూ అది ఏ ఏజెన్సీ టెర్మినల్ నుంచి పుట్టిందో రాసి ఉంటుంది. నెలకి వందల సీట్లు బ్లాక్ చేసి ఒక్కటీ టికెట్టు చెయ్యని ఆఫీసు ఏదో కనిపెట్టడానికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు, ఒక గ్రూప్ బై చాలు. లాగ్ ఉంది. దాన్ని ఎవరూ తెరవరు. పట్టుబడితే ఫోర్జరీ కేసు కుర్రాడి మీద పడుతుంది, షాపు మర్నాడు మామూలుగా తెరుచుకుంటుంది.

మూడోది మన ప్రభుత్వం చెయ్యాల్సింది. విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో చేరినవాడు తర్వాతైనా ఆ బీమా తీసుకునేలా, ఒప్పందం నమోదు చేసుకునేలా, తప్పు చేశావని తిట్టకుండా ఒక దారి పెట్టాలి. 1983 చట్టం బదులు కొత్తది తేవడానికి 2025 అక్టోబరులో ముసాయిదా బయటపెట్టారు. అలాంటి చట్టంలో మొదట ఉండాల్సింది ఇదే అంటాను.

ఈలోగా ఎవరైనా కాగితం పట్టుకుని మీ దగ్గరికొస్తే చూడాల్సింది చిన్నదే. పీఎన్నార్ కాదు, ఈ-టికెట్టు నంబరు చూడండి. పదమూడు అంకెలు ఉండాలి, మొదటి మూడూ ఎయిర్‌లైన్స్‌వి: ఎయిర్ ఇండియాది 098, ఎమిరేట్స్‌ది 176, ఖతార్‌ది 157. ఆ నంబరు లేకపోతే అది టికెట్టు కాదు. ఇక పని ఇప్పిస్తానన్నవాడి లైసెన్సు ఈ-మైగ్రేట్ సైట్లో పేరు కొడితే తెలుస్తుంది, లైసెన్సు ఉన్నవాడు కూడా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వానిది టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, ముందు అక్కడ అడగమనండి. మా చాచా అడిగిన ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఎంత వెతికినా దొరకలేదు. షాపు ముందు బోర్డు మాత్రం పది అడుగులు ఉంటుంది.